జూన్ కాపు

ఆ ఫిబ్రవరి ఉదయం రాజ్యశ్రీ పోస్టు డబ్బాను మూడోసారి తెరిచి చూసేసరికి ఇంకా పది కూడా కాలేదు. పోస్టు తెచ్చే అమ్మాయి పదకొండు దాటితే గాని ఆ వీధిలోకి రాదని ఆమెకు తెలుసు. తెలిసీ వెళ్ళింది. డబ్బాలో నిన్నటి సూపర్ మార్కెట్ కరపత్రం ఒక్కటే ముడుచుకుని ఉంది. దాన్నే తీసి, రెండువైపులా చూసి, మళ్ళీ అక్కడే పెట్టి వచ్చింది.

జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివి, అక్కడే ఒక ఎముకల ఆసుపత్రిలో ఆరేళ్ళు పనిచేసిన మనిషి ఆమె. భర్త దశరథ్‌కు ఇంగోల్‌స్టాట్‌లో, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం దొరికితే అతని వెంట వచ్చింది. ఆమె చదువును ఈ దేశం ఒప్పుకుంటే తప్ప ఇక్కడ ఒక్క రోగిని ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ గుర్తింపు కోసం కాగితాలన్నీ పంపి పదకొండు నెలలైంది. ఎప్పుడడిగినా 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది' అన్న ఒక్క వాక్యమే జవాబుగా వచ్చేది. రోజుకు పాతికమంది భుజాలూ మోకాళ్ళూ సవరించిన చేతులు ఇప్పుడు ఊరికే ఉన్నాయి. ఉండమంటే ఉంటాయా? వంటింటి అరలు వారానికోసారి కింది నుంచి పైకి, పై నుంచి కిందికి సర్దేవి. తుడిచిన కిటికీలనే మళ్ళీ తుడిచేవి. చపాతీల పిండిని అవసరానికి మించి పిసికేవి.

ఆ ఉదయం తుడవడానికి కూడా ఏమీ మిగల్లేదు. పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది.

వాళ్ళు ఉండేది ఇంగోల్‌స్టాట్ నుంచి రైల్లో రెండు స్టేషన్ల అవతలి ఊళ్ళో, ఒకే కప్పు కింద అంటుకుని ఉన్న రెండిళ్ళలో ఒకదానిలో. రెండోదాంట్లో ఇంటి యజమాని హెర్ బ్రాండల్, అంటే బ్రాండల్ గారు, ఒక్కడే ఉంటాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ఒకప్పుడు ఫిట్టరు. ఆయన భార్యకు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. అప్పటినుంచి ఆమె ఊళ్ళోని వృద్ధుల సంరక్షణాలయంలో ఉంటోంది. ఆయన రోజూ మధ్యాహ్నం వెళ్ళి, నాలుగింటికి తిరిగొస్తాడు.

రాజ్యశ్రీ వాళ్ళ పెరట్లో కంచె పొడుగునా, ఎర్రటి మెత్తని చిన్న పళ్ళు కాసే రాస్ప్‌బెర్రీ మొక్కలు ఒక వరస ఉన్నాయి. అక్టోబరులో ఇల్లు అప్పగించిన రోజు హెర్ బ్రాండల్ ఆమెను ఆ వరస దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు ఏదో చెప్పాడు. అప్పటికే ఎండిపోయిన కొసలను కత్తిరించి ఉంచాడేమో, కాడలన్నీ నడుమెత్తున నిలబడి ఉన్నాయి. ఆయన వాటిని కింది నుంచి పైదాకా వేలితో చూపించాడు. ఆయన మాట్లాడేది బవేరియా పల్లె యాస. ఆమె నేర్చుకున్నది పుస్తకాల జర్మన్. ఆయన నోట్లోంచి వచ్చేది ఆమె చెవికి గులకరాళ్ళ మీద నీళ్ళ చప్పుడులా ఉంటుంది. అయినా ఆమె తలూపుతూ "జా, జా, గెనావ్" అంటూ పోయింది. అవును, అవును, సరిగ్గా చెప్పారు అని. ఈ దేశంలో ఆమెకు తడుముకోకుండా వచ్చిన మాటలు అవే.

ఇప్పుడు ఆ కాడలు పెచ్చులూడి, బూడిదరంగుకు తిరిగి, చచ్చినట్టు కనిపించాయి. ఫోనులో ఒక వీడియో చూసింది. శరత్కాలంలో కాసే రాస్ప్‌బెర్రీని ఫిబ్రవరిలో నేలమట్టంగా కోసేయాలని అందులో ఒకామె నవ్వుతూ చెప్పింది. రాజ్యశ్రీకి అదేం వింతగా తోచలేదు. వాళ్ళ నాన్న పసుపు పండించేవాడు. ఇదే నెలల్లో ఎండిన పసుపు ఆకును నేలదాకా కోసేవాళ్ళు. చిన్నప్పుడు ఆ పనిలో ఆమె చెయ్యి పడింది కూడా. షెడ్డులోంచి కొమ్మల కత్తెర తెచ్చి మొదటి కాడను కోసింది. టక్కుమంది. ఆ చప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది. రెండోది కోసింది. తర్వాత ఆగలేదు. గంటలో వరసంతా మోళ్ళే మిగిలాయి. కాడలను ముక్కలు చేసి చెత్తడబ్బాలో కుక్కి, నేలను ఊడ్చి, లోపలికి వచ్చి రెండు నెలలుగా తాగనంత కమ్మగా టీ తాగింది.

సాయంత్రం నాలుగింటికి హెర్ బ్రాండల్ కంచె దగ్గర నిలబడి ఉండటం కిటికీలోంచి కనిపించింది. ఆయన కోటు కూడా విప్పలేదు. ఆ మోళ్ళను ఒక్కొక్కటిగా చూస్తున్నాడు. మెచ్చుకుంటాడనుకుని ఆమె చెప్పులేసుకుని బయటికి వెళ్ళింది. ఆయన ఏదో అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. నోటిదాకా వచ్చిన "జా, జా" ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆయన మళ్ళీ, ఈసారి ఒక్కొక్క మాటనూ విడదీసి అన్నాడు.

"జూన్‌లో. నా భార్యకు. ఇవే."

అంతే. తిట్టలేదు. తల అటూ ఇటూ ఊపి, మెల్లగా తన గుమ్మం వైపు నడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పూట రాజ్యశ్రీ సోఫాలో కూర్చుని ఫోనులో వెతికి వెతికి చదివితే గాని జరిగిందేమిటో తెలియలేదు. ఈ రకం రాస్ప్‌బెర్రీ ఏడాదికి రెండుసార్లు కాస్తుంది. వసంతంలో మొలిచిన కాడ ఆ శరత్కాలానికే కొసన కాస్తుంది. ఆ కొస ఎండిపోతుంది. మిగిలిన కింది భాగం చలికాలమంతా మోడులా ఊరుకుని, మరుసటి జూన్‌లో మళ్ళీ కాసి, అప్పుడు చచ్చిపోతుంది. ఒక్క శరత్కాలపు కాపు చాలనుకునేవాళ్ళు అన్నీ కోసేస్తారు. రెండూ కావాలనుకునేవాళ్ళు కొసలు మాత్రమే తీసి, కింది కాడను ఉంచుతారు. ఆయన ఉంచాడు. ఉంచమని చెప్పాడు. ఆమె సరేనంది.

దశరథ్ ఇంటికి వచ్చేసరికి ఆమె గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. సంగతంతా విని అతను షూ లేసులు విప్పుతూనే అడిగాడు.

"ఆయన చెప్పింది నీకు సమజైందా గారోజు?"

"కాలె."

"మరి సరే అని ఎందుకన్నవ్?"

"ప్రతిదానికి మళ్ళ చెప్పుండ్రి, మళ్ళ చెప్పుండ్రి అంటే ఎట్ల మంచిగుంటది? ఈడికొచ్చినప్పటి నుంచి గదే చేస్తున్న. బేకరీల అదే, డాక్టర్ కాడ అదే. సగం మాటలకు తలకాయ ఊపుడే."

అతను రేపు పోయి ఆ మాటే ఆయనకు చెప్పమన్నాడు. వేరే ఏమీ కలపొద్దన్నాడు.

మరునాడు ఆమె వెళ్ళి తలుపు కొట్టింది. రాత్రంతా మనసులో వల్లెవేసుకున్న నాలుగు వాక్యాలను చెప్పింది. "ఆ రోజు మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే అవునన్నాను. అడగడానికి సిగ్గుపడ్డాను. తప్పు నాది."

హెర్ బ్రాండల్ తలుపు పట్టుకుని నిలబడి విన్నాడు. తర్వాత బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా, కష్టపడి పుస్తకాల జర్మన్‌లో చెప్పాడు. తన మాట ఉత్తరాది జర్మన్లకే అర్థం కాదట. ఆమె అడిగి ఉంటే పదిసార్లైనా చెప్పేవాడట. జూన్ ఇరవయ్యారు ఆయన భార్య పుట్టినరోజు. ముప్పై ఏళ్ళుగా ఆ రోజు తొలికాపు పళ్ళు ఒక తెల్ల గిన్నెలో ఆమెకు ఆయనే అందిస్తున్నాడు. పక్షవాతం వచ్చాక కూడా రెండేళ్ళూ మానలేదు. ఈసారి ఉండవు. ఆగస్టుకు కాస్తాయి.

"ఆగస్టు అంటే చాలా దూరం," అన్నాడు. అది నెల గురించా, భార్య ఆరోగ్యం గురించా అన్నది ఆమె అడగలేకపోయింది.

ఆ తర్వాత రాజ్యశ్రీకి రెండు ఎదురుచూపులయ్యాయి. పోస్టు డబ్బా ఒకటి, మొక్కల వరస ఒకటి. మార్చిలో ఎర్రటి మొలకలు నేలలోంచి తలెత్తగానే, తెల్లటి పలచటి బట్ట కప్పితే మొక్కలు పదిరోజులు ముందు కాస్తాయని చదివి, తోటల దుకాణంలో ఆ బట్ట కొనుక్కొచ్చి కప్పింది. గాలికి లేచిపోతే రాళ్ళు పెట్టింది. రోజూ పొద్దున్నే ఒక కొస ఎత్తి చూసేది. ఏప్రిల్‌లో మొలకలు అరటి పిలకల్లా ఎక్కడపడితే అక్కడ పుట్టుకొచ్చాయి. వరసలోంచీ, దారి మధ్యలోంచీ, కంచె అవతల హెర్ బ్రాండల్ గడ్డిలోంచీ. అన్నీ ఉంచితే ఏవీ కాయవని ఆయన కంచె మీదుగా చెప్పాడు. మీటరుకు పది పన్నెండు బలమైనవి ఉంచి మిగతావి లాగేయాలన్నాడు. ఆమె "మళ్ళీ చెప్పండి" అంది. ఆయన మళ్ళీ చెప్పాడు. మూడోసారి చెప్పించుకున్నాక పీకడం మొదలుపెట్టింది. పీకిన ప్రతిదాన్నీ తప్పు చేస్తున్నానేమోనని రెండుసార్లు చూసి పారేసింది.

మేలో మొక్కలు మోకాళ్ళు దాటాయి. జూన్ వచ్చేసరికి నడుము దాటాయి. ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడాయి గాని ఒక్క మొగ్గ లేదు. ఉండదని తెలుసు. తెలిసీ ఆకులెత్తి చూసేది. దరఖాస్తు సంగతి అడుగుతూ ఆఫీసుకు రెండు మెయిళ్ళు రాసింది. రెండింటికీ అదే వాక్యం జవాబు.

జూన్ ఇరవయ్యైదున ఆమె సైకిలు మీద మూడు ఊళ్ళు తిరిగింది. రోడ్డు పక్క గుడిసెల్లో స్ట్రాబెర్రీలు, చెర్రీలు అమ్ముతున్నారు. ఆ పూటకు తెచ్చిన రాస్ప్‌బెర్రీలు అప్పటికే అమ్ముడైపోయాయన్నారు. చివరికి సూపర్ మార్కెట్‌లో స్పెయిన్ నుంచి వచ్చిన రెండు ప్లాస్టిక్ పెట్టెలు దొరికాయి. వాటిని తెచ్చి హెర్ బ్రాండల్‌కు ఇచ్చింది. ఆయన మూత తీసి వాసన చూసి, మూసి వెనక్కిచ్చాడు.

"ఇవి మన పెరటివి కావని ఆమెకు తెలిసిపోతుంది," అన్నాడు. రేపు మీరూ రండి, అని కూడా అన్నాడు.

ఎందుకు రమ్మన్నాడో ఆమెకు తోచలేదు. దోషిని తీసుకెళ్ళి చూపిస్తాడేమో అనుకుంది. అయినా వెళ్ళింది.

ఆయన భార్య ఫ్రావు బ్రాండల్ కిటికీ పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు చక్కగా దువ్వి ఉంది. ముఖంలో కుడిసగం కిందికి జారింది. కుడిచెయ్యి ఒళ్ళో పిడికిలి బిగుసుకుని ఉంది. రాజ్యశ్రీ చూపు నేరుగా ఆ పిడికిలి మీదికే పోయింది. గోళ్ళు అరచేతిలోకి దిగుతున్నాయి.

హెర్ బ్రాండల్ భార్య నుదుటి మీద ముద్దుపెట్టి, పూలగుత్తి చేతికిచ్చి, ఈసారి గిన్నె తేలేదని చెప్పాడు. ఎందుకో చెప్పాడు. ఈ అమ్మాయే, కావాలని చెయ్యలేదు, అన్నాడు.

ఫ్రావు బ్రాండల్ రాజ్యశ్రీ వైపు తల తిప్పింది. పక్షవాతం ఆమె మాటను నెమ్మది చేసింది. ఒక్కొక్క మాటా వెతుక్కుని, పట్టుకుని, పైకి తెచ్చినట్టు వస్తోంది. ఆ దేశానికి వచ్చాక రాజ్యశ్రీకి ఒక్క అక్షరం పొల్లుపోకుండా అర్థమైన మొదటి మనిషి ఆమే.

"అన్నీ... కోసేశావా?"

"అన్నీ."

"నేలదాకా?"

"నేలదాకా."

ముఖంలో బాగున్న సగం మెల్లగా నవ్వింది. "మంచి పని చేశావు."

హెర్ బ్రాండల్ ఆమె సరిగా వినలేదనుకుని మళ్ళీ వివరించబోయాడు. ఆమె ఎడమచెయ్యి ఎత్తి ఆపింది.

"పురుగులు," అంది. "జూన్ పళ్ళలో... తెల్ల పురుగులు. ఆగస్టు పళ్ళలో ఉండవు. అన్నీ కోసెయ్యమని... ముప్పై ఏళ్ళు... నీతో చెప్పాలనుకున్నాను."

బయట కారిడార్‌లో భోజనాల బండి చక్రాలు కిర్రుమంటూ వెళ్ళాయి. ఆయన మంచం అంచున కూర్చున్నాడు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు... గిన్నె పట్టుకుని... ఎదురుగా నిలబడేవాడివి. నేను తినేదాకా... కదిలేవాడివి కాదు."

"తినేదానివిగా."

"కళ్ళు మూసుకుని."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాడు. రాజ్యశ్రీకి గుండె తేలికపడాలి. నాలుగు నెలలు మోసిన తప్పు తప్పే కాదని తేలింది. కానీ అలా జరగలేదు. ఫిబ్రవరిలో తను ఒక్క ఏడాది పళ్ళే పోగొట్టాననుకుంది. ఇప్పుడు ఆ ముసలాయన ముప్పై ఏళ్ళ పుట్టినరోజులన్నిటినీ మొదలంటా కోసేసినట్టనిపించింది. లేచి వెళ్ళిపోదామా, కూర్చుందామా అని ఆమె కుర్చీ అంచున అటూ ఇటూ అయింది. చివరికి తనకు తెలిసిన పనే చేసింది. ఫ్రావు బ్రాండల్ పక్కకు జరిగి, మీ చెయ్యి చూడవచ్చా అని అడిగింది. ఆ పిడికిలిని రెండు చేతుల్లోకి తీసుకుంది. విప్పలేదు. విప్పడానికి తనకు హక్కు లేదని ఆమెకు తెలుసు. ఊరికే పట్టుకుంది. చల్లగా ఉన్న ఆ వేళ్ళ కింద ఏ కండరం బిగిసిందో, ఏది ఇంకా బతికే ఉందో ఆమె చేతులకు చెప్పకుండానే తెలిసింది.

తిరిగొచ్చాక హెర్ బ్రాండల్ నాలుగు రోజులు కంచె దగ్గరికి కూడా రాలేదు. ఆయన రేడియో మోగడం గోడలోంచి వినిపించేది. ఈమె గోడకు ఇవతల పచార్లు చేసేది. ఆయనకు ఏమైనా అయిందేమోనని ఒకసారి, మమ్మల్ని ఖాళీ చేయమంటాడేమోనని ఒకసారి దశరథ్‌ను వేధించింది. ముసలి మొగుడూ పెళ్ళాల పంచాయితీల నువ్వు చెయ్యి పెట్టకని అతను అన్నాడు.

ఐదోనాడు ఆయనే కంచె దగ్గరికి వచ్చి పిలిచాడు.

"నిజంగా పురుగులుంటాయా? నాకెప్పుడూ కనిపించలేదు."

అద్దాలు లేకుండా ఆయనకు తన చేతివేళ్ళే సరిగా కనబడవని రాజ్యశ్రీకి తెలుసు. ఉంటాయట, వేసవి కాపుకే ఎక్కువ పడతాయని చదివాను, అంది.

"మరి నేనూ తిన్నాను కదా, ముప్పై ఏళ్ళు," అన్నాడాయన. అకస్మాత్తుగా భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వు ఆగాక ముఖం తుడుచుకుని, ఆమె మిమ్మల్ని మళ్ళీ రమ్మంటోంది, అన్నాడు. రాజ్యశ్రీ చెయ్యి పట్టుకున్నప్పుడు ఆమెకు బాగుందట.

రాజ్యశ్రీ మరుసటి వారం వెళ్ళి, ముందు అక్కడి థెరపిస్టును కలిసింది. తను ఎవరో, ఏం చదివిందో, తన కాగితం ఇంకా ఎందుకు రాలేదో దాచకుండా చెప్పింది. ఆ థెరపిస్టు అర్థం చేసుకుంది. ఇంటివాళ్ళు చేయదగ్గ వ్యాయామాలు కొన్ని ఉంటాయి, మీ ఇద్దరికీ చూపిస్తాను, అంతకు మించి చేయకండి, అంది. భార్య వేళ్ళు ఎక్కడ విరుగుతాయోనని హెర్ బ్రాండల్ ఇన్నాళ్ళూ భయపడేవాడు. రాజ్యశ్రీ ఆయన చేతి మీద చెయ్యి వేసి ఎంత బలం వాడాలో నేర్పింది. మంగళవారం, శుక్రవారం ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. పిడికిలి విప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. బొటనవేలు చూపుడువేలిని తాకడానికి ఇంకో రెండు వారాలు.

జూలై మధ్యలో ఉత్తరం వచ్చింది. ఆమె గుమ్మంలోనే నిలబడి చదివింది. చదువును పూర్తిగా ఒప్పుకోలేదు, తోసిపుచ్చనూ లేదు. ఎనిమిది నెలలు ఏదైనా ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద పనిచేసి చూపించాలి. ఆ ఆసుపత్రిని తనే వెతుక్కోవాలి. దశరథ్‌కు ఫోను చేస్తే, మంచిదే కదా అన్నాడు. మంచిదేనంది. ఫోను పెట్టేశాక అదే ఉత్తరాన్ని మళ్ళీ చదివింది. ఇకనుంచి ఆసుపత్రులకు రాయాలి, వాళ్ళు కలవడానికిచ్చే తేదీల కోసం, ఆ టెర్మిన్‌ల కోసం, కాచుకోవాలి. కాళ్ళు మళ్ళీ గదిలో తిరగడం మొదలుపెట్టాయి.

ఆ సమయానికి మొక్కలు ఆమె భుజాల ఎత్తు పెరిగి, కొసల్లో తెల్లటి చిన్న పూలు వేశాయి. తేనెటీగలు పొద్దుట నుంచి సాయంత్రం దాకా వాటిని వదల్లేదు. బట్ట కప్పినందుకేమో జూలై ఆఖరు వారానికే పళ్ళు ఎరుపెక్కాయి. ఆగస్టు మొదటి ఆదివారం మధ్యాహ్నం సంరక్షణాలయం వ్యాన్ ఫ్రావు బ్రాండల్‌ను ఇంటికి తెచ్చింది. ఐదింటికి మళ్ళీ వస్తానని డ్రైవరు చెప్పి వెళ్ళాడు. ఆమె తన ఇంట్లోకి కూడా వెళ్ళనంది. నేరుగా పక్కవాళ్ళ పెరట్లోకి తీసుకెళ్ళమంది.

హెర్ బ్రాండల్ కుర్చీని వరస పక్కన ఆపి, అలవాటు కొద్దీ పళ్ళు కోసివ్వబోయాడు. ఆమె వద్దంది. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. మోచెయ్యి వణికింది. రాజ్యశ్రీ చెయ్యి సాయంగా ముందుకు పోయి, సగంలో ఆగింది. ఆగడం ఆమెకు అన్నిటికంటే కష్టమైన పని.

మొదటి పండు వేళ్ళ మధ్య నలిగి రసమై మణికట్టు మీదికి కారింది. రెండోదానికి కొమ్మంతా వంగి, పండు జారి గడ్డిలో పడింది. మూడోది, మొక్క మీద తెల్లటి తొడిమను వదిలి, చెక్కుచెదరకుండా చేతిలోకి వచ్చింది. ఫ్రావు బ్రాండల్ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, తిప్పి, లోపలి గుంటలోకి తొంగిచూసి, నోట్లో వేసుకుంది. కళ్ళు తెరిచే తింది. భర్త ఆమె ముఖం వైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు.

"బాగుందా?" అన్నాడు చివరికి.

ఆమె చెయ్యి మళ్ళీ ఆకుల్లోకి పోయింది.

ఐదు దాటి పది నిమిషాలైంది. వ్యాన్ డ్రైవరు పెరటి గేటు దగ్గర నిలబడి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. రాజ్యశ్రీ అతనికి ఇంకో ఐదు నిమిషాలు అని వేళ్ళతో చూపించింది. ఫ్రావు బ్రాండల్ కొమ్మ కొసన ఉన్న మరో పండు మీద చెయ్యి వేసింది.